సేతుతీరమున గాలిపటపు స్వారి

పెద్దమండ్యము సీమలో పుట్టి పెరిగిన మాబోంట్లకు సముద్ర మనగా పురాణములలో చదువుకొన్న వస్తువే గాని కన్నులార చూచిన వస్తువు కాదు. గాలికి మాత్రము మాకు కొఱత లేదు. ఆషాఢము వచ్చినదా, వేరుసెనగ చేల మీదుగా, టమాట తోటల మీదుగా వీచెడి పడమటి గాలి దండెము మీది చీరను పొరుగూరికి పంపునంత పని చేయును. ఆ గాలిని కట్టి స్వారి చేయు విద్య యొకటి లోకమున గలదని రామేశ్వరము చూచువరకు నేనెఱుగను.

2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మేము సేతుయాత్రకు బయలుదేరితిమి. కాశికి పోయివచ్చిన వారు రామేశ్వరము సేవింపనిదే యాత్ర ముగియదని మా యత్తగారి పట్టుదల. అత్తగారు, మా వారు, నేను, మా ఆడబిడ్డ కుమార్తె, మొత్తము నలుగురము. ఆ పిల్ల తలిదండ్రులు కువైటులో నున్నారు. మా సీమనుండి అచ్చటికి పోయినవారు లేని యూరు అరుదు గదా. పిల్ల మాయింటనే పెరుగుచు కళాశాలలో చదువుచున్నది, పందొమ్మిదేండ్లది. దానికి కాలిలో ముల్లు గ్రుచ్చుకొన్నను మేము సముద్రముల కావలికి సమాధానము చెప్పుకొనవలసిన వారము.

మదనపల్లె, పీలేరుల మీదుగా తిరుపతి చేరి రైలెక్కితిమి. పాంబను కాలువ దాటుచున్నపుడు అత్తగారు కన్నులు మూసికొని రామనామము చేసికొనుచుండిరి. నేను కిటికీ విడువలేదు. 1914లో కట్టిన పాత వంతెన ప్రక్కనే, 2025 ఏప్రిలు 6వ తేదీన ప్రారంభమైన క్రొత్త వంతెన రెండు కిలోమీటర్లకు పైగా సముద్రము మీద సాగియున్నది. ఓడలు వచ్చినపుడు దాని నడిమి భాగము, డెబ్బదిరెండున్నర మీటర్ల పొడవుగలది, నిలువుగా పైకి లేచును. గాలి యొక మితిని మించినచో రైలును నిలిపివేయుదురట. ఇంతటి యినుపబండికిని గాలికి వెఱచు నియమ మొకటి యున్నదన్నమాట.

ఆలయములోని యిరువదిరెండు తీర్థముల స్నానము గూర్చి, ఆ మహామండపముల గూర్చి లోగడ పలువురు సోదరీమణులు వ్రాసియేయున్నారు. నేను మరల వ్రాయను. మఱునాడు ధనుష్కోడికి పోయితిమి. 1964 డిసెంబరు నెలలో తుపాను ఆ యూరిని, ఊరితోపాటు నూరుమందికి పైగా ప్రయాణికులున్న రైలును మ్రింగినది. మొండిగోడల చర్చియు, ఇసుకలో కూరుకొనిపోయిన కట్టడములును నేటికిని నిలిచియున్నవి. దారి కొక వైపున మన్నారు సింధుశాఖ, మఱియొక వైపున పాక్ జలసంధి. ఒకటి కెరటములతో మ్రోగుచుండగా రెండవది తాంబాళమునందలి నీటివలె కదలక యుండును.

తిరుగు త్రోవలో ఆ నిశ్చలజలము మీద ఏడెనిమిది రంగురంగుల పటములు ఆకాశమున నాడుచుండగా బండి నిలిపించితిమి. మన సంక్రాంతి గాలిపటములు గావవి. ఒక్కొక్కటి నెలవంక వలె వంగి, మన పడకగది యంత యుండును. ముందంచున గాలి నింపిన గొట్టము. ఇరువది, ఇరువదియైదు మీటర్ల త్రాళ్లు క్రిందికి వచ్చి మనిషి చేతిలోని కడ్డీకిని, నడుమునకు బిగించిన పట్టాకును తగులుకొనియుండును. కాళ్ల క్రింద నొక పలక. పటము లాగుచుండ మనిషి నీటిమీద జాఱిపోవును. ఒక్కొక్కసారి తాటిచెట్టు మొదలు విడిచినంత యెత్తున గాలిలోనికి లేచి మరల దిగును. దీనిని కైట్ సర్ఫింగ్ అందురు. పలకకు చక్రములు తగిలించి ఇసుక తిన్నెలమీదను, ఎండిన మైదానములమీదను ఆడునది కైట్ ల్యాండ్‌బోర్డింగ్. నైరృతి గాలి వీచు వేసవియందును, ఈశాన్యపు గాలి వీచు చలికాలమునందును ఈ తీరమునకు నేర్చుకొనువారు వచ్చుచుందురు.

మా పిల్ల బండి దిగినది మొదలు ఱెప్పవేయలేదు. "అత్తా, నేను మూడు దినములు నేర్చుకొందును" అన్నది. కువైటుకు ఫోను చేయగా దాని తండ్రి, "మీ మామయు అత్తయు ఏమన్న నదే" యని భారమంతయు మా నెత్తిన వేసెను.

నేను చూచినంతలో ఆడుచున్నవారిలో కొందఱి తలలపై హెల్మెట్టులుండెను, కొందఱికి లేవు. నా మనస్సు అచ్చటనే నిలిచిపోయెను. నేర్పు యువకుడొకడు గట్టుమీద పటము మడచుచుండగా, చిత్తూరు సరిహద్దు తమిళము కొంత నాకును వచ్చును గనుక, పోయి యడిగితిని. నీరు మెత్తనిది గదా, దానిమీద పడువారికి తలకు రక్ష యెందుకు?

అతడు చెప్పినది వినదగినది. వేగముతో పడిన వానికి నీరు మెత్తన కాదు. చెంపపెట్టు పెట్టినట్లే యుండును. అంతకన్న ముఖ్యము, తలకు తగులునది నీరొక్కటే కాదు. కాళ్లనుండి విడివడిన స్వంతపు పలక తగులవచ్చును. పొరుగువాని పలక తగులవచ్చును. పలక పోకుండ త్రాటితో కట్టుకొన్నచో అది సాగి, వడిసెల రాయివలె మరలివచ్చి తలనే కొట్టును. కావుననే పెక్కుమంది బోధకులు ఆ త్రాడు వలదని, పలక పోయినచో పటముచేత లాగించుకొనుచు ఈది పోయి పట్టుకొను విద్యను ముందుగా నేర్పుదురు. మోకాలిలోతు నీటిలో పడువానికి అడుగుననున్న నేలయు, రాళ్లును ఉండనే యున్నవి. అన్నిటికన్న భయమైన చోటు సముద్రము కాదు, ఒడ్డు. పటమును పైకి లేపునపుడును, దింపునపుడును బలమైన గాలితెర యొకటి వచ్చెనా, మనిషిని ఎత్తి పడవల మీదికో, గోడ మీదికో విసరును. గాలి వేగము రెండింతలైనచో లాగు బలము నాలుగింతలగును; మూడింతలైనచో తొమ్మిదింతలు. ఈ లెక్క విన్నపుడు మా వారు, లెక్కల యుపాధ్యాయులు గనుక, తల యూపిరి. నాకు మాత్రము గుండె జల్లుమన్నది.

మఱి కొందఱేల ధరింపరు? వారి వాదమును త్రోసిపుచ్చుట న్యాయము కాదు. వేగముగా నీటిలో పడినపుడు వదులైన హెల్మెట్టు కడవవలె నీటిని పట్టి మెడను వెనుకకు లాగును. చెవులు మూసికొన్నచో వెనుకనుండి వచ్చువాని కేక వినబడదు. ఎండవేళ తల యుడుకును. ఇవన్నియు నిజములే. అయితే ఈ మూడు దోషములును నీటికొఱకు చేయని హెల్మెట్టువి, తలకు సరిపడని హెల్మెట్టువి. నీటి క్రీడలకై చేసినది తేలికగా నుండును. నీరు వెడలుటకు రంధ్రములుండును. చెవుల కడ తెరపి యుండును. లోపలి మెత్త చిన్నచిన్న దెబ్బల నెన్నింటినో తట్టుకొనును. స్కూటరు హెల్మెట్టు పెట్టుకొని సముద్రములో దిగుట, ఉలెన్ శాలువ కప్పుకొని తలంటుకొనుట వంటిది. ఇంకొక్క మాటయు నతడే చెప్పెను: హెల్మెట్టు పెట్టుకొన్నవాడు ధైర్యము పెరిగి, చేయరాని సాహసము చేయును. దీనికి నేనొప్పుకొనను. గొడుగున్నదని పిడుగులో నడచువాని తప్పు గొడుగుది కాదు.

2024లో పారిస్ ఒలింపిక్సు జరిగినపుడు ఈ స్వారికి మొదటిసారి స్థానము లభించెను. పందెములు మార్సెయి నగరపు సముద్రమున జరిగినవి. ప్రపంచమున మేటియైన ఆ స్త్రీలును పురుషులును తలలకు రక్షలు తగిలించుకొనియే పోటీ చేసిరి. వేయిసార్లు పడి లేచిన వారికే అది కావలసియుండగా, మొన్న మొన్న కడ్డీ పట్టిన వారికి వలదనుట యెట్లు?

మా యత్తగారింతసేపు వినుచునేయుండిరి. "వాయుపుత్రునకే తప్పలేదు గదా" యనిరి. బాల్యమున సూర్యుని పండనుకొని యెగసిన ఆంజనేయుని ఇంద్రుడు వజ్రముతో కొట్టగా కొండశిఖరము మీద పడి యెడమ దవుడ విఱిగెననియు, దానివలననే హనుమంతుడను పేరు వచ్చెననియు జాంబవంతుడు చెప్పిన కథ ఆమె యుద్దేశము. కొంతసేపటికి మఱియొకటి యనిరి. "కర్ణుడు నాగాస్త్రము వేసినపుడు అర్జునుని తల యేల నిలిచినది? కిరీటముండబట్టియా, కృష్ణుడు రథమును నేలకు త్రొక్కబట్టియా? రెండును కావలెను." నేర్పు యువకునకు దీనిని తమిళములో చెప్పగా నతడు నవ్వి, తమ పాఠమంతయు నిదేయనెను. పటమును తటాలున వదలివేయు మీటను త్రొక్కుట కృష్ణుని పని. హెల్మెట్టు కిరీటపు పని. మొదటిది చేతకానివానికి రెండవది యెంతవఱకు తోడురాగలదు?

ఈ యాట క్రొత్తదే గాని యూహ పాతది. గాలి నింపు పటమునకు ఫ్రాన్సు దేశపు లెగెన్యూ సోదరులు 1984లో హక్కుపత్రము పొందిరి. అంతకు నూటయేబది యేండ్లకు పూర్వమే, ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున జార్జి పొకాకు అను బడిపంతులు గాలిపటములచేత లాగబడు బండిని చేసి 1826లో హక్కు పొందెను. గుఱ్ఱములు లేవు గనుక సుంకపు చావడివాండ్రు దానిపై నేమి సుంకము వేయవలెనో తోచక విడిచిపెట్టిరట! ఆ పంతులే అంతకు ముందు 1824లో తన కుమార్తె మార్తాను కుర్చీలో కూర్చుండబెట్టి గాలిపటముతో రెండువందల డెబ్బది యడుగుల యెత్తునకు లేపెను. ఆమె క్షేమముగా దిగి, పెరిగి పెద్దదై, గ్రేసు అను మహా క్రికెటు ఆటగానికి తల్లియయ్యెను. ఈ కథ చెప్పినపుడు మా వారికి పంతులు మీద గౌరవము కలిగెను. నాకు కలిగిన ప్రశ్న వేఱు: ఆ పిల్ల తల్లి అప్పుడెక్కడ నుండెను?

తలకు రక్ష యవసరమా కాదా యను విచారము మోటారు సైకిళ్ల విషయమున ఎప్పుడో తేలిపోయినది. 1935 మే నెలలో అరేబియా లారెన్సు అను ప్రసిద్ధుడు మోటారు సైకిలు మీదనుండి పడి, ఆరు దినములు తెలివి లేక యుండి మరణించెను. తలకు రక్ష లేదు. అతనిని చూచిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అను మెదడు శస్త్రవైద్యు డుండెను. ఆ మరణ మతనిని విడువలేదు. సైన్యమున వార్తలు మోయు మోటారు సైకిలు వారి గాయములను పరిశీలించి 1941లో తన వ్యాసము ప్రకటించెను. ఆ యేడే బ్రిటిషు సైన్యము వారికి హెల్మెట్టును విధించెను. పెక్కు పరిశోధనలను కలిపి చూచి 2008లో ప్రకటించిన సమీక్షలో, మోటారు సైకిలు ప్రమాదములలో హెల్మెట్టు మరణభయమును నూటికి నలువదిరెండు వంతులును, తలగాయమును అఱువదితొమ్మిది వంతులును తగ్గించునని తేలినది. మెదడు కుండలోని పెరుగు వంటిది. కుండ పగులకున్నను, హఠాత్తుగా నిలిపినచో లోపలిది చెదరును. హెల్మెట్టు చేయునదెల్ల, ఆ నిలుచుటకు కన్నుమూసి తెఱచునంతలో మఱికొంత వ్యవధి నిచ్చుటయే. అంతమాత్రమే చాలునని కాదు. అదియును లేకపోవుటకంటె మేలు.

మూడు దినములు మేము రామేశ్వరమున నిలిచితిమి. మొదటి దినము ఒడ్డుననే చిన్న పటముతో. రెండవ దినము నీటిలో పలక లేక. మూడవ దినము సాయంకాలము పలకపై నాలుగు క్షణములు నిలిచి పడినది. హెల్మెట్టు తీయనని నాకు మాట యిచ్చి, తీయలేదు. ఆ నాలుగు క్షణములకు దాని ముఖమున వెలిగిన వెలుగును వారి తల్లిదండ్రులకు ఫోనులో చూపించితిని. వలదని యింటికి తీసికొనిపోయియుందునేని ఆ వెలుగును నేనే యార్పినదాన నగుదును.

ఇంటికి వచ్చిన పిదప కోరిక మారినది. చక్రముల పలక తెప్పించుకొని మా యెండిన చెరువులో ఆడెదనన్నది. దీనికి నేను సుతరాము సమ్మతింపలేదు. నీటిమీది యాటలో హెల్మెట్టు గూర్చి వాదమునకు చోటున్నదేమో గాని, నేలమీద లేదు. గులకరాళ్లు, ఎండి గట్టిపడిన మట్టి. పడువాని తలకు అడ్డము వచ్చు మెత్తని వస్తువొక్కటి లేదు. తలతో పాటు మోచేతులకును, మోకాళ్లకును, మణికట్లకును కట్లు కావలెను. అంతకంటె, మా చెరువు నానుకొని తుమ్మచెట్లును, మీదుగా కరెంటు తీగలును ఉన్నవి. ఇరువదియైదు మీటర్ల త్రాడు తీగకు తగిలినచో ఏ హెల్మెట్టు కాపాడగలదు? తీగలును చెట్లును లేని విశాలమైన బయలు, నేర్పువాడు, రెండును దొరకిననాడు చూతమని చెప్పితిని.

ఆ వాదములో పిల్లయే నన్ను పట్టుకొన్నది. "సముద్రములో మూడు దినముల యాటకు ఇంత చెప్పితివి, మామ వెనుక స్కూటరెక్కి మదనపల్లె పోవునపుడు నీ తల కేమున్నది?" మోటారు వాహనముల చట్టము నడుపువారికే గాక వెనుక కూర్చున్నవారికిని, నాలుగేండ్లు దాటిన పిల్లలకును హెల్మెట్టు విధించుచున్నది. మా వారు వెంటనే మఱియొకటి కొనితెచ్చిరి. కొనదలచిన సోదరీమణులు ఐ.ఎస్.ఐ. ముద్రయు, ఐ.ఎస్. 4151 అను సంఖ్యయు చూచి కొనుడు. పెట్టుకొని అటునిటు కదలించినపుడు నుదుటి చర్మము దానితో పాటు కదలవలెను; గడ్డము క్రింది పట్టీలో రెండు వ్రేళ్లు మాత్రమే దూరవలెను. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి బాగుగనే కనబడినను, మరల వాడరాదు.

మనకున్న చిక్కెల్ల కొప్పుతోనే. కొప్పు మీద హెల్మెట్టు కూర్చుండదు. కూర్చున్నను వెనుకకు జాఱి నుదురు బయటపడును. మెడ దగ్గఱ వదులుగా, క్రిందుగా జడ వేసికొనవలెను. మా యత్తగారు ఇప్పుడు ప్రతి ప్రొద్దున మనుమరాలికి ఆ విధముగనే జడ వేయుచున్నారు. మల్లెపూలు మాత్రము అరటియాకులో చుట్టి సంచిలో పెట్టుకొని పోయి, కళాశాల చేరిన పిమ్మట ముడుచుకొనును.