నాగరికుడు

మా బ్యాంకులో వృద్ధులకు వేరే వరుస ఉంది. దాని పైన ఒడియాలో ‘బరిష్ఠ నాగరిక’ అని బోర్డు. మొన్న గుణుపురం పెద్దాయన ఒకరు పింఛను కోసం వచ్చి, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, “ఏం బాబూ, డెబ్భై దాటాక నన్ను నాగరికుణ్ణి చేశారన్న మాట!” అని నవ్వారు. ఒడియాలో ఆ మాటకు పౌరుడని అర్థమని చెప్పాను. ఆయన వెళ్ళిపోయారు గాని మాట నన్ను వదల్లేదు.

రెండు భాషల మధ్య కాపురం చేసేవాళ్ళకు ఇటువంటి చిక్కులు అలవాటే. మన పుస్తకాల్లో సింధు నాగరికత, పిల్లల ఒడియా పుస్తకాల్లో సింధు సభ్యత. మనకు సభ్యత అంటే మర్యాద. ఒడియాలో నాగరికుడు కావడానికి ఈ దేశపు మనిషైతే చాలు. తెలుగులో అలా కుదరదు. కట్టూ బొట్టూ, మాటా మన్ననా అన్నీ పరీక్షకు నిలబడాలి. ఆ పరీక్ష పెట్టేవాళ్ళం మనమే, మార్కులు వేసేదీ మనమే.

మాట పుట్టుకలోనే ఈ పేచీ ఉంది. నగరంలో ఉండేవాడు నాగరికుడు. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో నాగరకుడంటే స్నానం, తాంబూలం, గోష్ఠులు ఎరిగిన పట్నవాసపు రసికుడు. ఇక ఇంగ్లీషు సివిలైజేషన్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం పౌరుడు! మా బ్యాంకు బోర్డు మూలానికి దగ్గరగానే ఉందన్న మాట. 1772లో నిఘంటువును సవరిస్తున్న డాక్టర్ జాన్సన్, సివిలైజేషన్ అనే మాటను అందులో చేర్చడానికి ఒప్పుకోలేదనీ, మర్యాద అనే అర్థమున్న సివిలిటీ చాలునన్నాడనీ బాస్వెల్ రాశాడు. ఆ మర్యాద దగ్గరే నేనొకసారి తప్పాను.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. ఒక సవర రైతు ఖాతా తెరవడానికి వచ్చాడు. నమూనా సంతకం కార్డు ఇస్తే, వంగి, శ్రద్ధగా ఏవో గుర్తులు రాశాడు. “గీతలు గీస్తావేమిటి?” అని ఆ కార్డు చింపేసి, ఇంకొకటి తీసి, స్టాంపు ప్యాడ్ ముందుకు తోశాను. పక్క సీటాయనతో తెలుగులో, “వీళ్ళకి నాగరికత ఎప్పుడొస్తుందో” అన్నాను. ఆ రైతు తెలుగులోనే నెమ్మదిగా, “అది నా పేరే బాబూ. మా అచ్చరాలు,” అన్నాడు. తరవాత మారు మాట్లాడకుండా వేలిముద్ర వేసి, సిరా తలకి రాసుకుని వెళ్ళిపోయాడు. దరఖాస్తులో నేను ‘నిరక్షరాస్యుడు’ అని రాశాను. దాంతో అతనికి చెక్కుబుక్కు లేదు. డబ్బు కావాలంటే ప్రతిసారీ తనే రావాలి.

ఆ అక్షరాల సంగతి తరవాత తెలిసింది. మన ప్రాంతపువాడే అయిన మంగెయి గొమాంగో 1936లో సొర భాషకు చేసిన లిపి అది, సొరంగ్ సొంపెంగ్. 2012లో కంప్యూటర్ల యూనికోడ్‌లో కూడా దానికి చోటు దొరికింది. ఆ 1936లోనే ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, విశాఖ ఏజెన్సీలోని మన గుణుపురం తాలూకా ఇటు వచ్చింది. పర్లాకిమిడి కూడా ఒడిశాలో చేరడంతో గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కణ్ణించి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయనను వ్యవహార భాష కోసం పోరాడిన మనిషిగానే మనం తలుచుకుంటాం. ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళ పిల్లలకు బడులు పెట్టారు, 1931లో ఆ భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చు వేయించారు. ఏటా ఆగస్టు 29న ఆయనకు దండ వేసే మనలో ఒకణ్ణే నేను ఆ కార్డు చింపాను.

ఇక్కడ మన అక్షరానికి విలువ లేదని మనం బాధపడుతూనే ఉంటాం. మా నాన్నగారు తెలుగులో సంతకం పెడితే ఒక కార్యాలయంలో “ఇవేం జిలేబీ చుట్టలు?” అని నవ్వారు. ఇంటికి వచ్చి ఆ రాత్రి ఆయన సరిగా అన్నం తినలేదు. అది చూసిన కొడుకునే నేను. అయినా బల్లకు ఇవతలి కుర్చీలోకి వచ్చేసరికి ఆ రాత్రి గుర్తు రాలేదు.

ఏ భాషలో సంతకమైనా చెల్లుతుంది. రాసింది చదివి వినిపించామని ఒక ధ్రువీకరణ జత చేస్తే సరిపోతుంది. ఆ నిబంధన నాకు అప్పుడూ తెలుసు. కాకపోతే అది అక్షరమని నేను అనుకోలేదు, అంతే.

ఆ రైతు తరవాత చాలాసార్లు వచ్చాడు. ప్రతిసారీ అడక్కుండానే బొటనవేలు చాచేవాడు. లిపి సంగతి తెలిశాక కూడా, ‘ఇంకో కార్డు ఇస్తాను, నీ పేరు రాయి’ అని అనడానికి నాకు నోరు రాలేదు. తప్పు ఒప్పుకోవాలి గదా! ఇంతలో నాకు బదిలీ అయింది.

ఇప్పుడు ఉంటే అతనూ ఆ బోర్డు కింద నిలబడే వయసువాడే.