చక్రాల మీది ఇల్లు

నల్లగొండ నుండి దేవరకొండ వైపు బస్సులో వెళ్తే కొండమల్లేపల్లి వస్తుంది. అక్కడ బస్సు మారి కల్వకుర్తి దారి పట్టాను. దారి పొడుగునా ఎర్రటి చెల్కలు, గుండ్రాళ్ళ గుట్టలు, అక్కడక్కడ తాటిచెట్లు. మా తమ్ముడు తన పాత ట్రాలీని కల్వకుర్తిలో ఒక వెల్డింగ్ షాపుకు తోలుకొని వచ్చి, "అన్నా, ఒకసారి వచ్చి చూసిపో" అని కబురు చేశాడు.

ఆ ట్రాలీ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. మా నాయన దానిపై ఇనుప కమ్మీలు వంచి, తాడిపత్రి కప్పి గూడు కట్టించాడు. పల్లికాయ పీకే రోజులలో దూరపు చేనికి దానిని తోలుకెళ్ళి, పని ముగిసేదాకా ఇంటిల్లిపాదీ అందులోనే ఉండేవాళ్ళం. రాత్రి దీపం పెట్టి, ప్రార్థన చేసుకొని అందులోనే పడుకునేవాళ్ళం. నాయన పోయిన తరువాత అది చాలా ఏండ్లు వేపచెట్టు కిందనే ఉండిపోయింది.

ఈ నేలకు ఇలాంటి బ్రతుకు కొత్త కాదు. 1890 ప్రాంతంలో నల్లగొండలో పరిచర్య మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతుల కాలం నుండి, తరువాత దేవరకొండ, నాగర్‌కర్నూలు, వనపర్తి మిషన్లలోనూ, గుడారాలు, వంటపాత్రలు ఎడ్లబండ్లకెత్తి ఊరూరా తిరిగారు. మా నాయన బండి ఆ బండ్లకు తమ్ముడిలాంటిది.

షాపులో పెద్దమేస్త్రి ట్రాలీని జాకీలపైన ఎత్తి పెట్టాడు. పైన రంగు బాగానే ఉంది. ఆయన సుత్తితో కింది ఛానళ్ళను ఒక్కొక్క చోట కొట్టుకుంటూ పోయాడు. గట్టి ఇనుము ఖంగుమన్నది. రెండు చోట్ల మాత్రం చప్పుడు మొద్దుబారింది. అక్కడ వైర్ బ్రష్ పెట్టి రుద్దితే తుప్పు పొరలు పొరలుగా రాలి, కింద చిల్లి బయటపడింది.

"రంగు చూసి మోసపోవద్దు సార్" అన్నాడు మేస్త్రి. తుప్పు పట్టిన ముక్క మీద అతుకు వేస్తే నిలవదట. మంచి ఇనుము తగిలేదాకా కోసి తీసేయాలి, అదే మందం గల ఛానల్ పెట్టాలి, లోపల నుండి ఒక పట్టీ ఆనించాలి. ఒక్క చోటే ఏకధాటిగా వెల్డింగ్ చేస్తే వేడికి చట్రం వంకర పోతుంది గనుక అటు కొంచెం, ఇటు కొంచెం చేసి ఆరనిచ్చాడు. మధ్య మధ్యలో టేపు పట్టి మూల నుండి మూలకు కొలిచాడు. రెండు కొలతలూ ఒక్కటైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు. చివరికి రెడ్ ఆక్సైడ్ పూశాడు.

తమ్ముడు సంతోషపడి, "ఇక పత్తి ఏరే కూలోళ్ళను ఇందులనే తోలుకపోవచ్చు గదా?" అని అడిగాడు.

మేస్త్రి చేతిలోని బ్రష్ కింద పెట్టాడు. "ఇది సామాన్ల బండి. మనుషుల కోసం చేసింది కాదు. వద్దిపట్ల యాది లేదా?" అన్నాడు.

2018 ఏప్రిల్‌లో పి.ఏ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలతో పోతున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది చనిపోయారు. అదే ఏడు జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. చట్రం ఎంత గట్టిగా ఉన్నా, గట్టు మీద చక్రం జారితే లోపలున్నవారిని కాపాడేదేమీ లేదు. చట్టం కూడా దీనిని ఒప్పుకోదు.

తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "చేన్లనే నిలబెడుదాం. నీడకు, వంటకు పనికొస్తది. మనుషులు ఆటోల వస్తరు" అన్నాడు. అప్పుడు నా మనస్సు తేలికపడింది.

ప్రియ పాఠకులారా, పండుగలకు, కూటములకు పిల్లలను ట్రాలీలలో ఎక్కించే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఈసారి ఎక్కించే ముందు ఒక్క నిమిషం ఆగుదాం. మా నాయన గూడు ఇప్పుడు చేని గట్టున నిలబడి ఉంది. మొన్న పల్లికాయ పీకేటప్పుడు దానిలోనే అందరం కూర్చొని జొన్నరొట్టె తిన్నాం.