కోదాడకి గది ఉంది, పేటకి లేదు

హైదరాబాద్–విజయవాడ హైవే మీద కోదాడ దాటాక గరికపాడు చెక్‌పోస్ట్ వస్తేగానీ రాష్ట్రం మారిన సంగతి తెలీదు. అవతల కోదాడ, ఇవతల జగ్గయ్యపేట. మధ్యలో అరగంట ప్రయాణం. రెండుచోట్లా ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. అటూ ఇటూ సంబంధాలు కలుపుకోవడం మామూలే.

తేడా తెలిసేది హజ్‌కి వెళ్లినప్పుడు.

నిజాంలు, వాళ్ల దర్బారు పెద్దలు మక్కాలో యాత్రికుల కోసం వసతి గృహాలు ఏర్పాటు చేశారు. వాటిని రుబాత్ అంటారు. కాశీలో మన సత్రాల్లాంటివి అనుకోండి. పాత హైదరాబాద్ సంస్థానం జిల్లాల వాళ్లకే అక్కడ ఉచిత బస. అంటే తెలంగాణ, మహారాష్ట్రలో మరాఠ్వాడా, కర్ణాటకలో బీదర్, కలబురగి, రాయచూర్ వైపు. అర్జీలు ఎక్కువైతే లాటరీ తీస్తారు. పేరొస్తే మక్కాలో అద్దె భారం తప్పినట్టే.

ఔరంగాబాద్ ఆయనకి ఆ లాటరీలో చోటుంది. జగ్గయ్యపేట, నందిగామ వాళ్లకి లేదు. ఎందుకంటే 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారుల్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఇటువైపు మద్రాసు పాలనలోకి వెళ్లింది, కోదాడ నిజాం దగ్గరే మిగిలింది.

ఆ తర్వాత గీతలు చాలాసార్లు మారాయి. ఇదే హైవే మీదున్న మునగాల బ్రిటిష్ కాలంలో కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో ఉండేది, చుట్టూ నిజాం రాజ్యమే అయినా! ఇప్పుడది సూర్యాపేట జిల్లా. 1956లో అందరం ఒక రాష్ట్రమయ్యాం, 2014లో మళ్లీ రెండయ్యాం. రుబాత్ మాత్రం పాత సంస్థానం లెక్కనే నడుస్తోంది.

దీని వెనకున్నది వక్ఫ్ పద్ధతి. ఆస్తిని దేవుడి పేర శాశ్వతంగా రాసేస్తారు. దాని ఆదాయం, వాడకం దాత చెప్పిన పనికే. చూసుకునే ముతవల్లి మేనేజరే గానీ ఓనర్ కాదు. మా భాషలో చెప్పాలంటే షరతు హార్డ్‌కోడ్ చేసేశారు. దాత పోయాడు, రాజ్యం పోయింది, కోడ్ ఇంకా రన్ అవుతోంది.

అన్యాయం అనిపిస్తుంది కదా? నాకూ అనిపించింది. కానీ మన కోసం షరతు మార్చొచ్చంటే, రేపు ఇంకెవరి కోసమైనా మార్చొచ్చు. ఎవరిదో తేలని ఆస్తి సంగతి కేరళ వాళ్లనడగండి. తలశ్శేరి వైపు కేయీ కుటుంబం మక్కాలో కట్టిన రుబాత్‌ని 1971లో హరం విస్తరణ కోసం కూల్చేశారు. పరిహారం సౌదీ ఖజానాలో ఉండిపోయింది. వారసులం మేమంటే మేమని గొడవలు నడుస్తూనే వచ్చాయి.

మన వైపు సాయం వేరే దారిలో వచ్చింది. 2023లో హజ్ విమానాలు తొలిసారి విజయవాడ నుంచి ఎగిరాయి. హైదరాబాద్ కంటే మనిషికి దాదాపు 80,000 రూపాయలు ఎక్కువైతే, ఆ తేడాని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భరించింది. మంచి పనే. కానీ అలాంటి సాయానికి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. రుబాత్‌కి ఆ అవసరం లేదు.

కృష్ణా, గుంటూరు నుంచి వెళ్లి గల్ఫ్‌లో, అమెరికాలో సంపాదిస్తున్న వాళ్లు తక్కువేం కాదు. వాళ్లు కలిసి ఓ వసతి పెడితే పేట వాళ్లకీ గది దొరుకుతుంది. ఒక్క మాట. ఆ కాగితంలో జిల్లా పేర్లు మాత్రం రాయకండి. మన జిల్లా పేరే 2022లో ఎన్టీఆర్ జిల్లా అయిపోయింది.