ఎడమచేతి దారి ఎడమచేతిదే

మా క్రోసూరులో నాతోపాటు బేస్ వాయించే ఫ్రెండ్ ఉద్యోగమని హైదరాబాద్ వెళ్లిపోయాడు. మిగిలింది నేనూ, నా ఎలక్ట్రిక్ గిటారూ.

తీగల్ని మీటకుండా, రెండు చేతుల వేళ్లతోనూ ఫ్రెట్ల దగ్గర కొట్టి వాయించే పద్ధతిని 1969లో అమెరికాలో ఎమ్మెట్ చాప్‌మన్ పట్టుకున్నాడు. అందుకోసమే పది తీగల ‘స్టిక్’ తయారుచేశాడు. అది కొనే స్తోమత నాకెక్కడిది! చెల్లి జుట్టు రబ్బరుబ్యాండు మొదటి ఫ్రెట్ దగ్గర చుట్టా, ఖాళీ తీగలు మోగకుండా.

ఎడమచేత్తో బేస్, కుడిచేత్తో పాట. కుడి పరిగెత్తితే ఎడమ కూడా దాని వెంటే! అందుకే నెలరోజులు బేస్ ఒక్కటే కొట్టా, అమ్మతో మాట్లాడుతున్నా తప్పకుండా వచ్చేదాకా. కార్డ్‌కి బేస్ స్వరం మీద ఇంకో రెండు కలిస్తే చాలు.

మొన్న నాలుగు లైన్లు కుదిరాయి. రికార్డ్ చేసి వాడికి పంపా.

“బేస్ ఎవర్రా?” అన్నాడు.