పడమటి కిటికీకి ఒక తడిక

ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీ ఊచను పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఆ కిటికీకి లోపల ఖరీదైన కర్టెన్ వేసి, గదిలో ఏసీని 20కి దించుతాం. ఎండ అప్పటికే గాజు దాటి వచ్చేసింది. వెలుగుగా వచ్చినది కర్టెన్ మీద పడి వేడిగా మారుతుంది, ఆ వేడిని గాజు తేలిగ్గా బయటికి పోనివ్వదు. దాన్ని తోడిపోసే పని ఏసీది, బిల్లు మనది.

అందుకే తెర ఏదైనా గాజుకు బయట కట్టాలంటాను. పాత ఇళ్ళ వరండాల్లో వెదురు తడికలు చూరుకు వేలాడేవి. పొద్దున్నే చుట్టి పైకి కట్టేవారు, ఎండ తిరగ్గానే తాడు వదిలేవారు. బద్దల సందుల్లోంచి గాలి ఆడేది, ఎండ వెలుపలే ఆగేది. వట్టివేళ్ళ తడికల భోగమే వేరు. చెంబెడు నీళ్ళు చల్లితే చాలు, వడగాలి వాటిలోంచి దూరి చల్లబడి, వేళ్ళ పరిమళంతో లోపలికి వచ్చేది. పొడి ఎండలు కాసే తెలంగాణ, రాయలసీమల్లో ఇది ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. విశాఖలాంటి ఉక్కపోత ఊళ్ళలో తడిపినా పెద్ద లాభం ఉండదు, అక్కడ పొడి తడికే మేలు.

సజ్జా ఉందిగా అంటారు. సజ్జా నడినెత్తి ఎండను ఆపుతుంది. సాయంత్రపు సూర్యుడు దాని కిందినుంచి ఏటవాలుగా దూరతాడు. పైగా రోహిణి కార్తెలో పొద్దు కాస్త ఉత్తరానికి జరిగి గుంకుతుంది, కాబట్టి వాయవ్యపు గదినీ మరవకూడదు.

చాలా అపార్ట్‌మెంట్లలో బయట ఏదీ కట్టనివ్వరు. అప్పుడు లోపలే, గాజుకు దగ్గరగా తెల్లటి బ్లైండ్ వేయండి. తెలుపు కొంత వెలుగునైనా వచ్చిన దారినే పంపేస్తుంది. ఎండ తగలకముందే దించాలి. పొద్దుగుంకి బయట చల్లబడ్డాక ఎత్తేసి, కిటికీలు బార్లా తెరవాలి.

ఏసీలో ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. 2020 నుంచి కొత్త ఏసీలు 24 దగ్గరే మొదలవ్వాలన్న నియమమూ ఉంది. ఎండ నేరుగా పడే గదిలో ఆ 24 చాలినట్టుండదు. తడిక కట్టిన గదిలో 26 పెట్టి ఫ్యాను వేసుకున్నా హాయిగా నిద్ర పడుతుంది.

శివరాత్రి వెళ్ళగానే కిటికీ కొలతలు తీసుకుని మీ ఊరి మేదరివాళ్ళ దగ్గరికి వెళ్ళండి. కొత్త ఏసీ సంగతి ఆ తరవాత చూసుకోవచ్చు.