పొలంలో పాఠం



మా ఉక్కునగరపు పిల్లలకు ఏరువాక అంటే పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. జ్యేష్ఠ పూర్ణిమనాడు రైతు తొలిచాలు దున్నే పండుగ అని తడుముకోకుండా అప్పజెబుతారు. అరకను కన్నులారా చూచినవారు మాత్రం అరుదు.

ఉద్యోగ విరమణానంతరం విశాఖ పరిసరాలలోని ఒక చిన్న తోటబడిలో ఒకరోజు పాఠాలు చెప్పే భాగ్యం నాకు లభించింది. ఉదయం లెక్కలు. పిల్లలు తాడు పట్టి సెంటు నేల కొలిచారు. ఎకరంలో నూరవ వంతు, 48.4 చదరపు గజాలు. ఆపైన నా వంతు. నారు ఊడ్చితే ఊడ్పు, పంట నూర్చితే నూర్పు అన్నాను. వెనుకవరుస బాలిక ఒకతె లేచి "తీర్చితే తీర్పు, కూర్చితే కూర్పు!" అన్నది. సూత్రం నేను చెప్పనే లేదు.

సాయంకాలం ఆమె తల్లి అడిగింది: "మేష్టారూ, మా బతుకెలాగూ మట్టిలోనే పోనాది. పిల్లకీ పారేనా?"

ఈ ప్రశ్న సామాన్యమైనది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనితో కూడిన విద్యను ప్రతిపాదించిన నాటినుండీ ఉన్నదే. అమెరికాలో డాక్టరేటు పొంది దిమిలికి తిరిగివచ్చిన బి.వి. పరమేశ్వరరావు గారు (2019లో దివంగతులైనారు) ముందుగా తలపెట్టినది ఉన్నత పాఠశాలనే. 1976లో నెలకొల్పిన భాగవతుల ట్రస్టు ద్వారా సేద్యమూ నేర్పించారు. బడి లేని పొలం ఆయనకు సమ్మతం కాదు.

ఆ తల్లికి నేనన్నది ఇంతే: "అమ్మా, ఇంటికి వచ్చిన పిల్ల చేతిలో మట్టితోపాటు నోట కొత్తమాట ఉన్నదేమో రోజూ చూడు. లేకుంటే అది కూలిపని. వెంటనే మాన్పించు."