తీర్మానాల పుస్తకం

మన గ్రామాలలో బడిని గురించి మాట్లాడేటప్పుడు రెండు మాటలు వినిపిస్తాయి. కొందరు ‘సర్కారు బడి’ అంటారు, మరికొందరు ‘మా ఊరి బడి’ అంటారు. భవనం ఒక్కటే, ఉపాధ్యాయుడు ఒక్కడే, నల్లబల్ల ఒక్కటే. అయినా ఈ రెండు మాటల నడుమ ఎంతో దూరం ఉన్నది. మొదటి మాటలో బడి ఎవరో ఇచ్చిన వస్తువు. బాగున్నా బాగులేకున్నా అడగవలసిన పని మనకు లేదు. రెండవ మాటలో బడి మన సొత్తు. దాని మంచిచెడ్డలలో మనకూ పాలున్నది. మొదటి మాటనుండి రెండవ మాటకు ఒక ఊరు ఎట్లా నడిచి వస్తుందో తెలుసుకోవాలంటే, అక్కడి పాఠశాలలో తల్లిదండ్రుల కమిటీ ఎట్లా నడుస్తున్నదో చూడాలి.

ఖమ్మం దాటి, కొత్తగూడెం, పాల్వంచల మీదుగా సాగి, గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరగానే అడవి దగ్గరవుతుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు సాగే దారికి ఒక పక్క గోదావరి, మరొక పక్క ఛత్తీస్‌గఢ్ వరకు పరచుకొన్న అడవి. నదీతీరంలో మిరప తోటలు, అడవి అంచున కోయ గూడేలు. మార్చి, ఏప్రిల్ నెలలలో ఇప్పపువ్వు, వేసవిలో తునికాకు, వానాకాలంలో వరినాట్లు, మాఘమాసం దాటితే మిరపకాయలు ఏరే కూలిపని. ఈ ప్రాంతపు సంవత్సరాన్ని నడిపించే పంచాంగం ఇదే. పాఠశాలలకు మరొక పంచాంగం ఉన్నది. ఆ రెండింటి మధ్య నలిగేవారు పిల్లలు.

బడి నిర్వహణలో ప్రజలకు పాలుండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. 1990వ దశకంలో గిరిజన ప్రాంతాలలో ‘మాబడి’ అనే చిన్న బడులు స్థానిక యువకులే ఉపాధ్యాయులుగా, గ్రామస్థుల తోడ్పాటుతో నడిచాయి. ఆ పేరులోనే ఒక ఆశయం ఉన్నది. 1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేసి, విద్యా కమిటీలను ఏర్పరచింది. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దాని 21వ విభాగం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన స్థానం దక్కాలి. మన రాష్ట్ర నియమావళి తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకోవాలన్నది. అధ్యక్ష పదవి తల్లిదండ్రులదే. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరు. బడి పనితీరును గమనించడం, నిధుల ఖర్చును పరిశీలించడం, బడి అభివృద్ధికి ప్రణాళిక తయారుచేయడం కమిటీ బాధ్యతలు. చదవడానికి ఎంత చక్కని నియమాలు!

2012లో మా కళాశాల జాతీయ సేవా పథకం విద్యార్థులతో కలిసి చర్లకు వెళ్ళే దారిలో ఒక కోయ గూడెంలో వారం రోజులు శిబిరం నిర్వహించాను. పగలు పిల్లలు బడి ఆవరణను శుభ్రం చేస్తుంటే, నేను ఉపాధ్యాయుని అనుమతితో కమిటీ వారి తీర్మానాల పుస్తకం తెరిచి చూశాను. ప్రతి పుటలోనూ ఒకే తీరు వాక్యాలు. సభ్యులందరూ హాజరై, కూలంకషంగా చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించారని ఉన్నది. కింద వరుసగా వేలిముద్రలు. ఆ వేలిముద్రల యజమానులలో ఒకరిద్దరిని అడిగాను. సమావేశం జరిగిందని వారికి గుర్తున్నది. ఏమి తీర్మానించారో తెలియదు. ‘ఏకగ్రీవం’ అంటే ఏమిటని ఒక తల్లి నన్నే అడిగింది. అందరిదీ ఒకే గొంతు కావడం అని చెప్పబోయి ఆగిపోయాను. అక్కడ వినిపించినది ఒక్క గొంతే. అది పుస్తకం రాసినవారిది.

ముప్పై ఏళ్ళుగా ప్రాచీన కావ్యాల నడుమ తిరుగుతున్నవాణ్ణి. సంస్కృత సమాసాల గాంభీర్యం నాకు ప్రీతిపాత్రం. కాని ఆ పుటలలో నేను ప్రేమించిన భాషే ఒక తల్లికి గోడగా నిలిచింది. కోయభాష గోండీకి దగ్గరి బంధువు; తెలుగువలె ద్రావిడ కుటుంబానికి చెందినదే. ఆ భాషలో పుట్టిన బిడ్డ బడిలో అడుగుపెట్టగానే తెలుగు అనే పరాయి ఊరికి ప్రయాణం కడతాడు. 2004లో మన రాష్ట్రంలో కోయ సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభించడానికి కారణం ఇదే. పిల్లల విషయంలో గుర్తించిన ఈ సత్యం తల్లిదండ్రుల సమావేశానికీ వర్తిస్తుంది.

ఆ గూడెం బడిలో అప్పుడు పనిచేస్తున్న యువ ఉపాధ్యాయుడు ఆ మండలంవాడే, కోయవాడే. షెడ్యూల్డు ప్రాంతాల బడులలో ఉపాధ్యాయ పదవులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 సంవత్సరంలో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగ సమ్మతమా కాదా అన్నది న్యాయస్థానం తేల్చిన విషయం. ఊరి భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఉంటే ఏమి జరుగుతుందన్నది మాత్రం నేను కళ్ళారా చూసిన విషయం.

అతడు చేసిన మార్పులు మూడే. మొదటిది, సమావేశాన్ని పగటివేళనుండి పొద్దుగూకిన తరువాతకు మార్చాడు. ఉదయం పదకొండు గంటలకు పిలిస్తే కూలి మానుకొని రావాలి. ఆ పూట గంజి ఎవరు పోస్తారు? రెండవది, తరగతి గదిలో బల్లలమీద కాక, ఊరి నడుమ చింతచెట్టు కింద అందరినీ కూర్చోబెట్టాడు. కోయ గూడెంలో పెద్దల సమక్షంలో ఊరంతా కూర్చొని తగవులు తీర్చుకోవడం ఏనాటినుండో ఉన్న ఆచారం. సభ నడపడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ సభను బడి దాకా నడిపిస్తే చాలు. మూడవది, ప్రతి తీర్మానాన్నీ ముందు కోయభాషలో చెప్పి, అందరూ ఒప్పుకొన్న తరువాతనే పుస్తకంలోకి ఎక్కించాడు.

శిబిరం ముగిసే ముందు రాత్రి జరిగిన సమావేశంలో నేనూ కూర్చున్నాను. బడికి ప్రహరీగోడ కావాలని అర్జీ పెట్టడం ఆనాటి విషయం. చర్చ ముగియవచ్చింది. అంతవరకు మాట్లాడని ఒక తల్లి లేచి నిలబడింది. ఆమె కోయలో అన్నదానిని ఉపాధ్యాయుడు నాకు తెలుగులో చెప్పాడు. “గోడ సంగతి సరే తమ్ముడూ! నా కొడుకు మూడు ఏండ్లనుంచి బడికి వస్తున్నాడు. వాడికి చదవడం వచ్చిందా?”

సభ నిశ్శబ్దమయింది. తెలుగు మహాభారతంలో నన్నయ రచించిన సభాపర్వం నాకు జ్ఞాపకం వచ్చింది. నిండుసభలో ద్రౌపది ఒక ప్రశ్న అడిగింది. భీష్మద్రోణాదులు ఉన్నారు, ధర్మం తెలిసినవారు ఉన్నారు. వికర్ణుడు, విదురుడు నోరు తెరిచారు గాని, తక్కిన పెద్దలవలన ఆమెకు న్యాయం దొరకలేదు. కురుసభ పతనం ఆ మౌనంలోనే మొదలయింది. ప్రశ్నకు చోటివ్వని సభ ఎంత పెద్దదైనా చిన్నదే. ప్రశ్నను గౌరవించిన సభ చెట్టుకింద జరిగినా పెద్దదే. ఆ యువకుడు మౌనం వహించలేదు. “వచ్చే సభలో పిల్లలచేత మీ ముందే చదివిస్తాను అక్కా, మీరే వినండి” అన్నాడు.

ఆ తరువాతి సభకు నేను మళ్ళీ వెళ్ళాను. లాంతరు వెలుగులో ఒక్కొక్క పిల్లవాడూ నిలబడి చదివాడు. కొందరు గడగడ చదివారు, కొందరు అక్షరం దగ్గరే ఆగిపోయారు. ఆగిపోయినవారి పేర్లు హాజరుపట్టీతో పోల్చి చూస్తే కారణం బయటపడింది. వారిలో ఎక్కువమంది ఏటా మిరప పనికాలంలో తల్లిదండ్రుల వెంట తోటలకు వెళ్ళి రెండు మూడు నెలలు బడికి దూరమయ్యేవారే. పాఠం మరచిపోవడం వారి మందబుద్ధి వలన కాదు. ఊరి పంచాంగానికీ బడి పంచాంగానికీ పొత్తు కుదరకపోవడం వలన.

కమిటీ ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకొన్నది. కూలికి పోవద్దని ఎవరూ అనలేదు. అనగలిగే స్థితి ఎవరికీ లేదు. పనికి పోయేవారు పిల్లలను అవ్వతాతల దగ్గర విడిచిపోవాలనీ, ఒంటరి పిల్లలకు రాత్రి అన్నం ఇరుగుపొరుగువారు వంతులవారీగా పెట్టాలనీ, బియ్యం ఆ కుటుంబాలే ముందుగా ఇచ్చి వెళ్ళాలనీ నిర్ణయించుకొన్నారు. ఆ ఏడు వెళ్ళవలసిన పదకొండు మంది పిల్లలలో ఏడుగురు ఊళ్ళోనే ఉండి చదువుకొన్నారు. నలుగురు వెళ్ళారు. వారిలో ముగ్గురు తిరిగివచ్చారు. పసివాడైన తమ్ముణ్ణి చూసుకోవడానికి తోటకు వెళ్ళిన నాలుగో తరగతి బాలిక మళ్ళీ బడి ముఖం చూడలేదు. ఆమె పేరును కమిటీ తీర్మానాల పుస్తకంలో రాయించింది. ‘ఈ బిడ్డను తిరిగి తేవాలి’ అన్న ఆ చిన్న వాక్యంలో సమాసం లేదు, అలంకారం లేదు. ఆ పుస్తకంలో నేను చదివిన వాక్యాలన్నిటిలోనూ అదే నిజమైన తీర్మానం.

డబ్బు విషయంలోనూ ఆ కమిటీ ఒక మంచి పద్ధతి పాటించింది. వచ్చిన నిధి ఎంత, సున్నానికి ఎంత, సుద్దముక్కలకు ఎంత అన్న లెక్కను బడి గోడమీది నల్లబల్లపై రాసి, సభలో చదివి వినిపించేవారు. భద్రాద్రి నీడలో బతికేవారికి లెక్క విలువ వేరుగా చెప్పాలా? పాల్వంచ తహశీల్దారు కంచెర్ల గోపన్న శిస్తు సొమ్ముతో ఆలయం కట్టించి, గోల్కొండ చెరసాలలో గడిపిన కథ ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. ఉద్దేశం ఎంత పవిత్రమైనదైనా ప్రజల సొమ్ముకు లెక్క అడుగుతారని ఆ కథ చెప్పకనే చెబుతున్నది.

ఇట్లా బడి పగ్గాలు తల్లిదండ్రులు పట్టుకోవడం మన దేశంలోనే జరిగింది కాదు. న్యూజిలాండ్‌లో 1989నుండి ప్రతి ప్రభుత్వ పాఠశాలనూ తల్లిదండ్రులు ఎన్నుకొన్న ప్రతినిధులతో కూడిన మండలి నిర్వహిస్తున్నది. అంతర్యుద్ధంతో చితికిన ఎల్ సాల్వడార్‌లో 1991లో ప్రారంభమైన ఒక పథకం కింద మారుమూల పల్లెల తల్లిదండ్రుల సంఘాలే ఉపాధ్యాయులను నియమించుకొన్నాయి. దేశాలు వేరు, పద్ధతులు వేరు. తన బిడ్డ చదువును గురించి అడిగే హక్కు తల్లికి ఉన్నదన్న నమ్మకం ఒక్కటే.

అయితే కమిటీ సర్వరోగ నివారిణి కాదు. కొన్నిచోట్ల భార్య సభ్యురాలైతే భర్త వచ్చి కూర్చుంటాడు. మరికొన్నిచోట్ల ఊరి కక్షలు బడిలోకి చొరబడతాయి. ఉపాధ్యాయుల ఖాళీలు నింపడం, గదులు కట్టించడం ప్రభుత్వం చేయవలసిన పనులు. కమిటీ ఉన్నది కదా అని ఆ భారాన్ని పేదల భుజాలమీదికి నెట్టడం న్యాయం కాదు. పేర్లు, ఎల్లలు కూడా మారుతూ వచ్చాయి. 2014లో భద్రాచలం ప్రాంతంలోని చింతూరు, కూనవరం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో ఖమ్మం జిల్లానుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల సారథ్యంలో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ కమిటీలను ఏర్పరచి, బడుల మరమ్మతు పనులను వారికి అప్పగించింది. పేరు ఏదైనా పరీక్ష ఒక్కటే: ఆ సభలో ఒక తల్లి లేచి తన భాషలో ప్రశ్న అడగగలదా? అడిగితే సమాధానం దొరుకుతుందా?

విద్యార్థులారా! మీలో చాలామంది మీ ఇంట మొదటిసారి కళాశాల మెట్లు ఎక్కినవారు. మీ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చదివే ఊరి బడిలో ఇటువంటి కమిటీ తప్పక ఉంటుంది. సమావేశం జరిగే రోజున మీ అమ్మను వెంటబెట్టుకొని వెళ్ళండి. అక్కడి తీర్మానాల పుస్తకం తెరిచి, అందులో ఏమున్నదో ఆమెకు అర్థమయ్యే మాటలలో చదివి వినిపించండి. ఆమె వేలిముద్ర వేసే ముందు మీరు చేయగల సాయం అది. తరువాత ఆమె ఏమి అడగాలో ఆమెకే తెలుసు.